కింది వాళ్ల వైఫై ఐదు నెలలు వాడాను. చెప్పాలా, వద్దా?

రేకులగది · ఆదివారం, రాత్రి 10:40

నమస్తే. చాలా రోజులుగా చదవడమే తప్ప ఇక్కడ రాయడం ఇదే మొదటిసారి.

యూసుఫ్‌గూడలో ఒక మూడంతస్తుల ఇంటి పైన రేకుల గదిలో అద్దెకుంటున్నాను. అమీర్‌పేటలో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ కోర్సు చేస్తున్నాను. మార్చిలో గదిలో దిగిన రోజే ఫోన్‌లో తాళం గుర్తు లేని వైఫై ఒకటి కనిపించింది. రూటర్ కంపెనీ పెట్టిన పేరే ఉంది, ఎవరిదో తెలియదు. నొక్కగానే కలిసింది. మంచం కిటికీ దగ్గరకి జరుపుకుంటే రెండు గీతలు వచ్చేవి. అర్ధరాత్రి దాటాక ఇంకా బాగుండేది. క్లాసు వీడియోలు, ఐపీఎల్, సినిమాలు, లాప్‌టాప్ అప్‌డేట్లు అన్నీ దాని మీదే. నా ఫోన్‌లో రోజుకు రెండు జీబీ ఉన్నా ముట్టుకునేవాణ్ణి కాదు.

పోయిన ఆదివారం పొద్దున లేచేసరికి ఆ పేరు లేదు. నిజం చెప్తున్నాను, నా డబ్బులు పెట్టి కొన్నదేదో పోయినట్టు చిరాకు పడ్డాను.

నీళ్ల మోటార్ వేయడానికి కిందికి దిగుతుంటే మూడో అంతస్తు ఆంటీ గుమ్మం పక్కన ఒక బకెట్ ఉంది. అందులో పాత ఇస్త్రీ పెట్టె, విరిగిన హ్యాంగర్లు, వాటి మీద వైరు చుట్టి పెట్టిన రూటర్. పాత సామాన్ల వాడి కోసం. ఆంటీ ఇంట్లోనే మగ్గం వర్క్ చేస్తారు, ఆర్డర్లన్నీ ఫోన్‌లోనే. "పద్దెనిమిది వందలు పెట్టి కొత్తది తెచ్చుకున్నాం బాబూ. నూట యాభై జీబీ ప్లాను తీసుకున్నా నెలలో సగం రోజులు నెట్ నడిచేది కాదు. కేబుల్ అబ్బాయి చూసి రూటర్ పోయిందన్నాడు. ఇప్పుడు బ్రహ్మాండంగా ఉంది" అన్నారు.

ఎందుకు బ్రహ్మాండంగా ఉందో నాకు అక్కడే అర్థమైంది. పైకొచ్చి లాప్‌టాప్ సెట్టింగ్స్‌లో గత 30 రోజుల లెక్క చూసుకున్నాను. 94 జీబీ. ఫోన్‌ది వేరే. కొత్త రూటర్‌కు పాస్‌వర్డ్ ఉంది, అందులో నేను లేను, కాబట్టి నడుస్తోంది. పాత రూటర్‌కు ఏ జబ్బూ లేదు.

ఇప్పుడు వాడట్లేదు. మానేశానని చెప్పుకోలేను, ఆగిపోయింది. వెళ్లి చెప్పాలా? చెబితే గది ఖాళీ చేయమంటారేమోనని టెన్షన్. మీరైతే ఏం చేస్తారు?

గల్లీ_క్రికెట్ · ఆదివారం, రాత్రి 10:52

ఏం చెప్పకు బ్రో. వాళ్లకి తెలియదు, నెట్ బాగుంది, ఆంటీ హ్యాపీ. నువ్వెళ్లి చెప్తే ఆంటీకి బీపీ, నీకు బయటికి దారి. నిద్రపో.

పాతపోస్టుకార్డు · ఆదివారం, రాత్రి 11:15

ఇందులో అడగాల్సింది ఏముంది నాయనా? పరాయి సొమ్ము అడక్కుండా వాడుకున్నావు. దాన్ని మా కాలంలో ఒక్క మాటతో చెప్పేవాళ్లం. రేపు పొద్దున్నే వెళ్లి చెప్పు, పద్దెనిమిది వందలు చేతిలో పెట్టు. గది పోతే ఇంకో గది దొరుకుతుంది. యూసుఫ్‌గూడలో గదులకేం కరువు.

కరివేపాకు · ఆదివారం, రాత్రి 11:31

పోస్టుకార్డు గారూ, అంత కఠినంగా వద్దు. సిగ్నల్ వచ్చింది అతని గదిలోకి. అతను వాళ్ల ఇంట్లోకి వెళ్లలేదు, గోడ దూకలేదు. పక్కింటి కరివేపాకు కొమ్మ మన గోడ ఇవతలికి వాలితే రెండు రెమ్మలు తుంచుకోమా? వాళ్ల వీధిలైటు వెలుగులో మన పిల్లలు ఆడుకోరా? నా పేరే ఇలా పెట్టుకున్నాను కాబట్టి నాకీ ఉదాహరణ మీద హక్కుంది.

ఇంకోటి. మీ తరం వాళ్లే కదా, విజిటింగ్ కార్డు మీద పక్కింటి ల్యాండ్‌లైన్ నంబర్ వేయించుకుని దాని పక్కన పి.పి. అని రాయించుకున్నది. పి.పి. అంటే పక్కింటి ఫోన్ అనే నేను చాలాకాలం అనుకున్నాను. అప్పుడు మంచితనం, ఇప్పుడు దొంగతనమా?

పాతపోస్టుకార్డు · సోమవారం, ఉదయం 5:48

లేవగానే మీ పోస్టు చూశాను. బాగా రాశారు, కానీ మీ ఉదాహరణ మీకే అడ్డం తిరిగింది.

1980ల్లో చిక్కడపల్లిలో మా వాటాకు ఎదురు వాటాలో ఫోన్ ఉండేది. మా పి.పి. అదే. ఆ నంబర్ కార్డు మీద వేయించే ముందు మా ఆవిడ, నేను ఇద్దరం వెళ్లి అడిగాం. ఆయన "దానికేముందండీ" అన్నాడు. అయినా రాత్రి తొమ్మిది దాటాక ఫోన్ చేయొద్దని మా బంధువులందరికీ ఉత్తరాలు రాశాం. వచ్చే కాల్స్‌కు ఆయనకు పైసా ఖర్చు లేదు, మా ఊరి నుంచి ఫోన్ వస్తే వాళ్ల పిల్లవాడు వచ్చి తలుపు కొట్టేవాడు, అంతే. మేం ఎప్పుడైనా కాల్ చేసుకుంటే రూపాయి బిళ్లలు ఫోన్ పక్కన పెట్టి వచ్చేవాళ్లం. ఆయన వద్దన్నా పెట్టేవాళ్లం.

కరివేపాకు సంగతి కూడా అంతే. రెండు రెమ్మలు తుంచేటప్పుడు "వదినా, రెండు రెమ్మలు తీసుకుంటున్నా" అని ఓ కేక వేస్తారు చూడండి, ఆ కేక ఎక్కడ ఇక్కడ? ఈ అబ్బాయి చెట్టు సగం దులిపాడు. పైగా అర్ధరాత్రి.

లా_ఫైనలియర్ · సోమవారం, ఉదయం 9:20

చట్టం సంగతి ఎవరూ ఎత్తలేదు కాబట్టి నేను చెప్తాను.

ఐటీ చట్టం, 2000లో 43వ సెక్షన్ ప్రకారం యజమాని గానీ, దాని బాధ్యత చూసేవారు గానీ అనుమతించకుండా నెట్‌వర్క్‌లోకి ప్రవేశిస్తే నష్టపరిహారం కట్టాల్సి రావచ్చు. అదే పనిని దురుద్దేశంతోనో మోసంతోనో చేస్తే 66వ సెక్షన్ కిందికి వస్తుంది: మూడేళ్ల వరకు జైలు, లేదా ఐదు లక్షల రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. పాస్‌వర్డ్ ఉందా లేదా అని సెక్షన్ అడగదు. అనుమతి ఉందా అని అడుగుతుంది.

పోస్టుకార్డు గారు దొంగతనం అన్నారు. చట్టం మాటల్లో అది అంత సులభం కాదు. దొంగతనం అనాలంటే కదిలించి తీసుకుపోగల వస్తువు ఉండాలి. కరెంటు వాడకం గురించే పంజాబ్ కేసు ఒకటి 1964లో సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. అది శిక్షాస్మృతి చెప్పే దొంగతనం కాదు, విద్యుత్ చట్టం ప్రత్యేకంగా చెప్పింది కాబట్టే నేరమవుతోందని కోర్టు తేల్చింది. కరెంటుకే ఇంత తంటా.

బయటి దేశాల్లో శిక్షలు పడ్డాయి. సింగపూర్‌లో 2007లో 17 ఏళ్ల కుర్రాడికి పక్కింటి వైఫై వాడినందుకు 18 నెలల ప్రొబేషన్ వేశారు. జర్మనీలో అయితే 2010లో కోర్టు ఇంకో వైపు నుంచి పట్టుకుంది: వైఫైకి సరైన పాస్‌వర్డ్ పెట్టుకోని యజమానికే 100 యూరోల దాకా వడ్డించవచ్చని చెప్పింది.

గల్లీ_క్రికెట్ · సోమవారం, ఉదయం 9:34

అంటే ఇప్పుడు రేకులగది లోపల, ఆంటీ జర్మనీలో లోపల. బాగుంది లెక్క.

కేబుల్_పుల్లర్ · సోమవారం, మధ్యాహ్నం 2:05

నేను ఎనిమిదేళ్లు ఒక లోకల్ ఆపరేటర్ దగ్గర పనిచేశాను. స్తంభాలెక్కి వైర్లు లాగడం, ఇళ్లల్లో రూటర్లు పెట్టడం అన్నీ చేశాను. ఈ కథలో నాకు ఆశ్చర్యం ఏమీ కనిపించలేదు.

ముందు ఆ వైఫై ఎందుకు తెరిచి ఉందో చెప్తాను. నెట్ రావట్లేదని కంప్లయింట్ వస్తుంది. కుర్రాడు వెళ్తాడు. టైం లేదు, ఇంకా పది ఇళ్లు తిరగాలి. రూటర్ వెనక చిన్న రంధ్రంలో పిన్ను పెట్టి పది సెకన్లు నొక్కుతాడు, అంతా మొదటికి వస్తుంది. పాత మోడళ్లలో కొన్నింటికి అలా చేస్తే పాస్‌వర్డ్ కూడా పోతుంది. నెట్ వచ్చిందా, వచ్చింది, సంతకం పెట్టండి మేడమ్. మళ్లీ పాస్‌వర్డ్ పెట్టాలని అతనికి గుర్తుండదు, మేడమ్‌కు తెలియదు. కాబట్టి "తెరిచి ఉంది, అంటే వాడుకోమనే" అన్న వాదన నా దగ్గర చెల్లదు. నేను చూసిన తెరిచిన వైఫైల్లో కావాలని తెరిచి పెట్టినవి వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. తాళం పోగొట్టుకున్న ఇళ్లు అవి.

రెండోది, కరివేపాకు గారు చెప్పిన వీధిలైటు. లైటు వెలుగులో పదిమంది నిలబడినా వెలుగు తగ్గదు. లెక్క కట్టే ప్లాను అలా కాదు. హైదరాబాద్‌లో ఉండేవాళ్లకు సరైన పోలిక నల్లాకు మోటార్ బిగించడం. నీళ్లు వదిలే టైంలో ఒకింట్లో నల్లాకు నేరుగా మోటార్ బిగిస్తే గల్లీలో మిగతా ఇళ్లకు సన్నటి ధార వస్తుంది. అందుకే జలమండలి వాళ్లు తిరిగి మోటార్లు పట్టుకుపోతారు, జరిమానా వేస్తారు. మోటార్ పెట్టినవాడు పక్కింట్లో అడుగు పెట్టలేదు, అయినా పక్కింటి బిందె నిండలేదు. నీ 94 జీబీ అలాంటిదే తమ్ముడూ. హెచ్‌డీలో మ్యాచ్ చూస్తే గంటకు దాదాపు రెండు జీబీ లాగుతుంది. వాళ్ల 150లో నీ వాటా పోగా మిగిలింది నెల మధ్యలోనే అయిపోయి ఉంటుంది. ఆ తర్వాత ఆపరేటర్ స్పీడ్ కోసేస్తాడు. మగ్గం డిజైన్ ఫొటో ఒకటి పంపాలంటే చక్రం తిరుగుతూనే ఉంటుంది.

మూడోది మాత్రం సరదా కాదు. 2008 జులైలో అహ్మదాబాద్ బాంబు పేలుళ్లప్పుడు ఉగ్రవాదులు పంపిన ఈమెయిల్ నవీ ముంబైలో ఒక అమెరికన్ ఇంటి వైఫై నుంచి వెళ్లింది. ఆయన వైఫైకి తాళం లేదు. పోలీసులు ముందు వెళ్లింది ఆయన ఇంటికే. సెప్టెంబర్‌లో ఢిల్లీ పేలుళ్ల మెయిల్ కూడా ముంబైలోని ఒక ఆఫీసు వైఫై నుంచి అలాగే వెళ్లింది. ఆ దెబ్బకు 2009లో టెలికాం శాఖ వైఫైలకు భద్రత ఉండాలని సర్వీస్ కంపెనీలకు ఆదేశాలిచ్చింది. నువ్వు అలాంటివి చేస్తావని కాదు. నువ్వేం చూసినా, ఏం డౌన్‌లోడ్ చేసినా ఆపరేటర్ దగ్గరి రికార్డులో మాత్రం ఆ ఆంటీ వాళ్ల పేరే ఉంటుంది.

అన్నట్టు, ఆ ఐదు నెలలూ ఆ వైఫై మీద బ్యాంకు యాప్ కూడా వాడావా? తాళం లేని వైఫైలో గాల్లో వెళ్లేదాన్ని పక్కనున్నవాడు కూడా వినొచ్చు. యాప్‌లు తమ వంతు తాళం వేసుకుంటాయి కాబట్టి బతికిపోయావు.

కరివేపాకు · సోమవారం, మధ్యాహ్నం 2:40

నల్లా మోటార్ పోలికకు నా దగ్గర జవాబు లేదు. వీధిలైటు వెనక్కి తీసుకుంటున్నాను. కరివేపాకు మాత్రం ఇవ్వను.

కానీ ఒక్క మాట అడుగుతాను. ఆంటీది అన్‌లిమిటెడ్ ప్లాను అయ్యుండి, అతను రోజూ ఓ పది నిమిషాలు మెయిల్ చూసుకుని ఉంటే? ఎవరి బిందే ఖాళీ కాదు. అప్పుడూ ఇదే తిట్టా?

కేబుల్_పుల్లర్ · సోమవారం, మధ్యాహ్నం 2:58

తిట్టు తగ్గుతుంది. పూర్తిగా పోదు. అన్‌లిమిటెడ్ అని రాసిన ప్లాన్లకు కూడా కింద చిన్న అక్షరాల్లో ఒక లిమిట్ ఉంటుంది చూడండి.

టీచరమ్మ · సోమవారం, సాయంత్రం 6:30

నేను ప్రభుత్వ హైస్కూల్లో సైన్స్ చెప్తాను. ఈ విషయంలో నా మనసు ఎప్పుడూ ఒక్క వైపు నిలబడదు.

2020 సెప్టెంబర్ 1 నుంచి మన దగ్గర టీవీలో క్లాసులు మొదలయ్యాయి, యాదగిరి చానెల్లో, టీ-శాట్‌లో. టీవీ లేని పిల్లలు, టీవీ ఉన్నా నాన్న వార్తలు చూసే పిల్లలు ఫోన్ పట్టుకుని తిరిగేవాళ్లు. నా ఎనిమిదో తరగతి పిల్లవాడు ఒకడు రోజూ ఓ అపార్ట్‌మెంట్ మెట్ల కింద కూర్చుని నాకు హోంవర్క్ ఫొటోలు పంపేవాడు. "ఎవరిదిరా నెట్?" అంటే "తెలీదు టీచర్, ఇక్కడ వస్తది" అన్నాడు. నేను వాణ్ణి ఏమీ అనలేదు. ఇప్పుడు అడిగినా అనను. వాడి దగ్గరకొచ్చి సెక్షన్ 43 చదివేవాళ్లు ఎవరైనా ఉంటే ముందు నాతో మాట్లాడాలి.

కానీ రేకులగది, మీ ఫోన్‌లో రోజుకు రెండు జీబీ ఉంది. మీ పరిస్థితి వేరు.

ఇంకొకటి అడుగుతాను, తప్పుగా అనుకోకండి. "నెట్ సగం రోజులు నడిచేది కాదు" అని ఆంటీ మీకు పోయిన ఆదివారమే మొదటిసారి చెప్పారా? మీరు కంప్యూటర్ కోర్సు చేస్తున్నారని ఇంట్లో అందరికీ తెలిసే ఉంటుంది. మా బిల్డింగ్‌లో అయితే ఫోన్ చార్జ్ కాకపోయినా కంప్యూటర్ అబ్బాయినే పిలుస్తారు.

గల్లీ_క్రికెట్ · సోమవారం, సాయంత్రం 6:41

టీచర్లు టీచర్లే. వెనక బెంచీ వాడి చేతిలో ఏముందో బోర్డు వైపు తిరిగే కనిపెడతారు.

రేకులగది · మంగళవారం, రాత్రి 12:25

టీచరమ్మ గారి పోస్టు చూసి ఆరు గంటలైంది. మూడుసార్లు టైప్ చేసి చెరిపేశాను.

అవును. జూన్‌లో ఒకసారి పిలిచారు. మొదటి పోస్టులో రాయలేదు.

"నువ్వు కంప్యూటర్ చదువుతున్నావు కదా, ఓసారి చూసి పెట్టు బాబూ, ఎప్‌సెట్ కౌన్సెలింగ్ ఏదో అమ్మాయి చేసుకోవాలట, పేజీ తెరుచుకోవట్లేదు" అన్నారు. లోపలికెళ్లాను. టీవీ పక్కన స్టూలు మీద రూటర్, దాని కింద చిన్న గుడ్డ పరిచి ఉంది, అంచుకు పూసలు కుట్టి. వెనక స్టిక్కర్ మీద ఉన్న పేరు చూశాను. నా ఫోన్‌లో రోజూ కనిపించే పేరే. అప్పటిదాకా ఎవరిదో నిజంగా తెలియదు. ఆ క్షణం నుంచి తెలుసు.

వైరు తీసి పెట్టాను. లైట్లు చూసినట్టు చూశాను. "లైన్ ప్రాబ్లమ్ ఆంటీ, కేబుల్ వాళ్లకు చెప్పండి" అన్నాను. మజ్జిగ ఇచ్చారు. తాగుతుంటే జేబులో ఫోన్ మోగింది, తీసి చూస్తే దాని మీద వైఫై గీతలు నాలుగూ నిండుగా ఉన్నాయి. గదిలో ఎప్పుడూ రెండే వచ్చేవి.

ఆ రోజు అమ్మాయి వాళ్ల మామయ్య ఫోన్ నుంచి హాట్‌స్పాట్ తీసుకుని పని కానిచ్చుకుంది. నేను పైకొచ్చాను. మళ్లీ అదే వైఫైలో కూర్చున్నాను. ఆ తర్వాత ఇంకో రెండు నెలలు.

లా_ఫైనలియర్ · మంగళవారం, ఉదయం 8:10

దురుద్దేశం అనే మాటకు చట్టం ఇచ్చే అర్థం మీకు అక్రమ లాభమో, ఎదుటివారికి అక్రమ నష్టమో కలిగించాలన్న ఉద్దేశం. జూన్ ముందు మీ తరఫున వాదించడానికి నాకు నాలుగు మాటలుండేవి. జూన్ తర్వాత ఒక్కటీ కనిపించడం లేదు. వకీలుగా చెప్తున్నాను, ఇంకా పరీక్ష పాసవలేదనుకోండి.

పాతపోస్టుకార్డు · మంగళవారం, ఉదయం 10:02

నిన్న నేను గట్టిగానే రాశాను. నీ పోస్టు చదివాక ఇంకా గట్టిగా రాద్దామని కూర్చున్నాను. కానీ ఈలోగా మా ఇంట్లో ఒకటి జరిగింది, అది కూడా చెప్పాలి.

కేబుల్ గారి పోస్టు చదివి మా మనవడితో మా రూటర్‌లో ఎన్ని ఫోన్లున్నాయో చూపించమన్నాను. ఇంట్లో ఉండేది నేను, మా ఆవిడ. ఒక టీవీ. జాబితాలో పదకొండు ఉన్నాయి! పోలీసు కంప్లయింటు ఇస్తానని లేచాను. వంటింట్లోంచి మా ఆవిడ "కూర్చోండి, నేనే ఇచ్చాను" అంది. లాక్‌డౌన్‌లో వాచ్‌మన్ పిల్లలకు ఇచ్చిందట. వాళ్లు పాలబ్బాయికి ఇచ్చారు. ఆయన ఇంకెవరికో. ఐదేళ్లుగా మా ఇంటి నెట్ మీద సగం గల్లీ నడుస్తోంది. నాకు చెప్పలేదేమని అడిగితే "మీకు చెబితే పాస్‌వర్డ్ మారుస్తారు" అంది.

బిల్లు నా పేరు మీద వస్తుంది. నేను అనుమతి ఇవ్వలేదు. మా ఆవిడ ఇచ్చింది. ఇప్పుడు ఆ పిల్లలు దొంగలా? లా చదివే బాబు చెప్పాలి.

లా_ఫైనలియర్ · మంగళవారం, ఉదయం 10:15

యజమాని లేదా బాధ్యత చూసేవారు అని సెక్షన్‌లోనే ఉంది. మీ ఇంట్లో బాధ్యత ఎవరు చూస్తారో నేను చెప్పక్కర్లేదు.

కేబుల్_పుల్లర్ · మంగళవారం, ఉదయం 10:40

ఆపరేటర్ కాగితాల్లో మాత్రం కనెక్షన్ ఇంటి గడప దాటకూడదనే ఉంటుంది సాధారణంగా. నలుగురికీ పంచాలంటే దానికి దారి వేరే ఉంది, 2020 డిసెంబర్‌లో కేంద్రం ఒప్పుకున్న పీఎం-వాణి అనే పబ్లిక్ వైఫై పథకం. టీ కొట్టువాడు కూడా వైఫై పెట్టి అమ్ముకోవచ్చు. పోస్టుకార్డు గారి ఇంటావిడ అమ్మట్లేదు కాబట్టి పరవాలేదని మాత్రం నేను అనను. పాస్‌వర్డ్ మార్చి, గెస్ట్ నెట్‌వర్క్ ఒకటి విడిగా పెట్టుకోండి. వాచ్‌మన్ పిల్లలకు అది ఇవ్వండి. పాలబ్బాయి సంగతి మీ ఇష్టం.

కరివేపాకు · మంగళవారం, ఉదయం 11:05

చూశారా పోస్టుకార్డు గారూ, మీ చెట్టు కొమ్మలు కూడా గోడ దాటాయి.

మోడరేటర్ · మంగళవారం, ఉదయం 11:30

రూటర్ మోడళ్ల గురించి, ఏ కంపెనీ నెట్ మంచిదనే దాని గురించి వచ్చిన పద్నాలుగు పోస్టులు వేరే చర్చకు మార్చాను. ఇక్కడ అసలు విషయం మాట్లాడండి. రేకులగదిని బూతులు తిట్టిన పోస్టు ఒకటి తీసేశాను.

టీచరమ్మ · మంగళవారం, మధ్యాహ్నం 1:15

రాసినందుకు థాంక్స్. చెప్పడం అంత తేలిక కాదు, తెలుసు.

ఎలా చెప్పాలో మీరు అడగలేదు కానీ చెప్తాను. అంకుల్ ఉన్నప్పుడు కాకుండా ఆంటీ ఒక్కరే ఉన్నప్పుడు వెళ్లండి, మిమ్మల్ని సాయం అడిగింది ఆవిడ. "తెలియక వాడాను ఆంటీ" అని మొదలుపెట్టకండి. జూన్ దాకా అది నిజం, ఆ తర్వాత కాదు. డబ్బు ముందే చేతిలో పెట్టి మాట మొదలుపెట్టకండి కూడా, నోరు మూయించడానికి ఇచ్చినట్టుంటుంది. మాట అయ్యాక ఇవ్వండి. స్వీట్ బాక్స్ పట్టుకెళ్లకండి. దేవుడి మీద ఒట్టు, స్వీట్ బాక్స్ వద్దు.

గల్లీ_క్రికెట్ · మంగళవారం, మధ్యాహ్నం 1:22

నా మాట ఇప్పటికీ అదే. చెప్పకు. డబ్బు ఇవ్వాలనిపిస్తే తలుపు కింద నుంచి కవర్ తోసేసి రా.

పాతపోస్టుకార్డు · మంగళవారం, మధ్యాహ్నం 1:50

తలుపు కింద పద్దెనిమిది వందలు కనిపిస్తే ఆ ఇంట్లో వారం రోజులు నిద్ర ఉండదు బాబూ. ఎవరు పెట్టారు, ఎందుకు పెట్టారు, చేతబడా, ఇంకేమైనానా అని.

రేకులగది · గురువారం, రాత్రి 9:55

చెప్పాను. నిన్న సాయంత్రం.

ఆంటీ మగ్గం ముందు కూర్చుని ఉన్నారు. ఆకుపచ్చ పట్టు బ్లౌజ్ ముక్క బిగించి ఉంది, చేతి మీద నెమలి సగం అయింది. కూర్చోమన్నారు. నేను నిలబడే చెప్పాను. మార్చి నుంచి, రోజూ, జూన్‌లో మీరు పిలిచినప్పుడు కూడా, అన్నీ. చెప్తున్నంతసేపూ సూది ఆగలేదు. పైన గుచ్చడం, కింద దారం అందుకోవడం, పైకి లాగడం. నేను ఆపాక కూడా ఇంకో నాలుగైదు కుట్లు వేశారు.

తర్వాత ఒక్కటే అడిగారు. "ఆ రోజు మజ్జిగ తాగేటప్పుడు నీకు తెలుసా?"

తెలుసన్నాను.

ఆవిడ ఏమీ అనలేదు. డబ్బు ఇచ్చాను. వద్దంటారేమో అనుకున్నాను, నిజం చెప్పాలంటే వద్దంటారని ఆశపడ్డాను కూడా. తీసుకున్నారు. లెక్కపెట్టారు. లేచి లోపలికెళ్లి డబ్బాలోంచి రెండు ఇరవై రూపాయల నోట్లు తెచ్చి నా చేతిలో పెట్టారు. "పాతదానికి సామాన్లవాడు నలభై ఇచ్చాడు. అది నీదే" అన్నారు.

అంతలో అంకుల్ వచ్చారు. ఆయన అరుపులు మొదటి అంతస్తు దాకా వినిపించాయి. నేరుగా ఓనర్‌కు ఫోన్ చేశారు. ఓనర్ ఈ నెలాఖరు దాకా చూసి చెప్తానన్నాడు, ఏం చూస్తాడో తెలియదు. ఈరోజు పొద్దున మెట్ల మీద వాళ్ల అమ్మాయి ఎదురైంది. ఎప్పుడూ "క్లాసుకా అన్నా?" అని అడిగేది. పక్కకు జరిగి దారి ఇచ్చింది.

ఫోన్‌లో రోజుకు రెండు జీబీ సరిపోతోంది. మంచం కిటికీ దగ్గర నుంచి మళ్లీ పాత గోడకు జరిపాను. ఫ్యాన్ గాలి అక్కడే బాగా వస్తుంది.

పాతపోస్టుకార్డు · గురువారం, రాత్రి 10:10

గది గురించి ఏమైనా తేడా వస్తే ఇక్కడ రాయి. మోతీనగర్‌లో మా అక్క వాళ్ల పైవాటా ఖాళీగా ఉంది. వైఫై పాస్‌వర్డ్ అడిగి తీసుకోవాలి.

గల్లీ_క్రికెట్ · గురువారం, రాత్రి 10:18

చెప్పొద్దన్నానా లేదా. సరే, వదిలేయ్. ఆ నలభై ఏం చేశావు?

రేకులగది · గురువారం, రాత్రి 10:21

టేబుల్ మీదే ఉన్నాయి.

గల్లీ_క్రికెట్ · గురువారం, రాత్రి 11:47

కేబుల్ అన్నా, ఆ ఫోన్ల జాబితా ఎక్కడ చూడాలో నాక్కూడా కొంచెం చెప్పు. మా ఇంట్లో మేం నలుగురం. రాత్రి పది దాటాక నెట్ ఎందుకో ఈ మధ్య బాగా నెమ్మదిస్తోంది.

కేబుల్_పుల్లర్ · శుక్రవారం, ఉదయం 7:15

రూటర్ తిప్పి కింద స్టిక్కర్ చూడు. 192తో మొదలయ్యే నంబర్ ఉంటుంది, దాన్ని బ్రౌజర్‌లో కొట్టు. యూజర్ నేమ్, పాస్‌వర్డ్ రెండూ అడ్మిన్ అయ్యుంటే ముందు అవి మార్చు. జాబితా తర్వాత చూద్దువు గాని.